మొహమాటం లేకుండా పుస్తకం రివ్యూ రాయడం ఎలా

తెలుగు పుస్తకం ఏదైనా కొందామని నెట్‌లో దాని గురించి వెతకండి. "అద్భుతం, ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం" అని ఒకరు, "డబ్బులు దండగ" అని ఇంకొకరు, "కొరియర్ లేటు, అట్ట నలిగిపోయింది, ఒక్క స్టారే ఇస్తున్నా" అని మరొకరు రాసి ఉంటారు. మూడూ చదివాక కూడా అది నవలో కథల సంపుటో, మనకు నప్పుతుందో లేదో తెలియదు. ఇవి చూసి విసుగొచ్చి, నేనైతే ఇంతకంటే పనికొచ్చేలా రాస్తాను అనుకునేవాళ్ళ కోసమే ఇది. సాహిత్య విమర్శ సంగతి కాదు, దానికి వేరే చదువు కావాలి. మామూలు పాఠకులు పుస్తకం చదవడం పూర్తయ్యాక ఫోన్‌లో రాసే రివ్యూ గురించే ఇక్కడ చెప్పేదంతా.

పేరున్న ఇంగ్లీషు నవలకు వేల రివ్యూలు ఉంటాయి, అందులో ఒకటి అన్యాయంగా ఉన్నా మిగతావాటిలో కొట్టుకుపోతుంది. మన దగ్గర అలా కాదు. చాలా తెలుగు పుస్తకాలు 500 కాపీలో 1000 కాపీలో వేస్తారు, అమ్మే పేజీలో నాలుగు రివ్యూలు ఉంటే గొప్ప. ఆ నాలుగింట్లో మీదొకటి అంటే, ఆ పుస్తకం గురించి జనం అనుకునేదాంట్లో పావు వంతు మీ చేతిలో ఉన్నట్టే. అందుకే కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలి.

ఎవరి కోసం రాస్తున్నారు

రచయిత కోసం కాదు. ఇది మొదట తలకెక్కించుకోవాలి, ఎందుకంటే తెలుగులో రివ్యూలు చాలావరకు రచయిత చూస్తాడని, చూసి సంతోషించాలని రాసినట్టే ఉంటాయి ("సోదరుడికి అభినందనలు, మీ కలం నుంచి మరిన్ని రావాలి"). అవి అభినందనలు, వాటికి ఫోనుంది, వాట్సాప్ ఉంది. రివ్యూ చదివేది ఇంకా పుస్తకం కొనని మనిషి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కాచిగూడ నవోదయకు వెళ్ళి నాలుగు పేజీలు తిరగేసి చూసుకోగలరు, డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి. నిర్మల్‌లోనో పాడేరులోనో డాలస్‌లోనో ఉన్న మనిషికి ఆ వీలు లేదు. అట్ట బొమ్మ, వెనక అట్ట మీద నాలుగు పొగడ్తలు, మీ రివ్యూ, అంతే వాళ్ళకు దొరికేది. ఆ మనిషి తిరగేయలేని పేజీల్ని మీరు తిరగేసి చెబుతున్నారన్నమాట.

ఆ మనిషి అభిరుచి మీలాంటిదే అయి ఉండాలని లేదు. మీకు నచ్చని పుస్తకం వాళ్ళకు నచ్చొచ్చు. మంచి రివ్యూకి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: మీరు తిట్టిన పుస్తకాన్ని, మీ తిట్లు చదివే, "ఇది నాకు కావలసిన పుస్తకమే" అని ఎవరైనా కొనుక్కోగలగాలి. "కథేమీ లేదు, 200 పేజీలూ ఒక ముసలాయన తన పొలం గురించి తలపోయడమే" అని మీరు విసుక్కుంటే, సరిగ్గా అలాంటి పుస్తకం కోసం వెతుకుతున్నవాళ్ళకు అది ఆహ్వానం. "బోరు" అని ఊరుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు.

చదివేటప్పుడే

రాయాలనుకుంటే పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. నచ్చిన చోట, విసుగొచ్చిన చోట, అర్థంకాని చోట పేజీ నంబర్లు వెనక ఖాళీ పేజీలో వేసుకుంటే చాలు. పుస్తకం పాడవుతుందనుకుంటే ఫోన్‌లో నోట్సు. ఇది చేయకపోతే ఏమవుతుందంటే, చదివిన వారానికి చివరి యాభై పేజీలే గుర్తుంటాయి, రివ్యూ మొత్తం ముగింపు మీదే నడుస్తుంది. ముగింపు నచ్చకపోతే అంతకు ముందు 200 పేజీలు హాయిగా చదివిన సంగతి కూడా మరిచిపోతాం.

పూర్తిగా చదవకుండా రివ్యూ రాయొచ్చా అంటే, రాయొచ్చు, కానీ ఎక్కడ ఆపారో చెప్పాలి. "90వ పేజీ దగ్గర వదిలేశాను, అప్పటికి ఇరవై మంది పాత్రలు వచ్చారు, ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోలేకపోయాను" అనేది నిజాయితీగల మాట, పనికొచ్చే మాట కూడా. అయితే అలాంటప్పుడు స్టార్లు ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కథల సంపుటి అయితే ఇంకో చిక్కు: పదిహేను కథల్లో రెండు బాగోలేకపోతే పుస్తకమే బాగోలేదని, రెండు అదిరిపోతే మొత్తం అదిరిపోయిందని రాసేస్తుంటాం. ఏ కథలు నిలిచాయి, ఏవి తేలిపోయాయి, పేర్లతో చెప్పండి. కొత్త పాఠకులు ముందు ఏ కథ చదవాలో అదే చెబుతుంది.

ఆడియోలో విన్నారా, అచ్చులో చదివారా అనేది కూడా రాయాలి. ఆడియోలో చదివినవాళ్ళ గొంతు నచ్చక పుస్తకం మీద కోపం తెచ్చుకునేవాళ్ళున్నారు. రెండూ వేరు వేరు.

మొదటి నాలుగు వాక్యాలు

అది ఏమిటో ముందు చెప్పండి. నవలా, కథలా, వ్యాసాలా, ఆత్మకథా. ఎన్ని పేజీలు, వెల ఎంత, ఎవరు వేశారు, ఏ సంవత్సరం ముద్రణ. అనువాదమైతే అనువాదకుల పేరు తప్పకుండా రాయాలి. మూల రచయితను ఆకాశానికెత్తి, మనం నిజానికి చదివిన ప్రతి వాక్యం రాసిన మనిషి పేరు ఎత్తకపోవడం మన దగ్గర మామూలైపోయింది, నాకైతే ఇది పరమ అన్యాయంగా కనిపిస్తుంది.

పాత పుస్తకం పునర్ముద్రణ అయితే మొదటిసారి ఎప్పుడు వచ్చిందో చూడండి, లోపలి పేజీలో ఉంటుంది. 1970లు, 80ల్లో పేరు తెచ్చుకున్న నవలలు చాలావరకు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చినవి. ప్రతి అధ్యాయం చివర ఒక కుదుపు, తర్వాతి అధ్యాయం మొదట్లో జరిగింది మళ్ళీ గుర్తుచేయడం, ఇవన్నీ వారం వారం చదివేవాళ్ళ కోసం చేసినవి. ఒక్క ఊపున చదివే మనకు అది చాదస్తంలా అనిపిస్తుంది. అనిపించిందని రాయండి, తప్పు లేదు, కానీ సీరియల్ అన్న సంగతి కూడా ఒక ముక్క చెబితే చదివేవాళ్ళు సిద్ధపడి వెళ్తారు.

కథ మొత్తం చెప్పడం రివ్యూ కాదు. నవల మొదటి నాలుగో వంతులో జరిగేదాంట్లో రెండు మూడు వాక్యాలు చాలు. ఎవరు పోయారు, ఎవరు ఎవరి కొడుకు, ఉత్తరం ఎవరు రాశారు, ఇలాంటివి వద్దు. పాఠకులు పుస్తకాలకు స్టార్లు, రివ్యూలు పెట్టే గుడ్‌రీడ్స్ సైట్లో అయితే రివ్యూలో అలాంటి రహస్యాలు ఉన్నాయని గుర్తు పెట్టి దాచే వీలుంది, వాడుకోండి. పుస్తకం వచ్చి యాభై ఏళ్ళయింది కదా, అందరికీ తెలిసిందే కదా అనొద్దు. ఇప్పుడు ఇరవై ఏళ్ళున్న పిల్లకు అది కొత్త పుస్తకమే.

విశేషణాలు తగ్గించి, చూపించండి

అద్భుతం, అమోఘం, గుండెల్ని పిండేసింది, కళ్ళు చెమర్చాయి, అక్షరాలు కావవి నిప్పురవ్వలు. వీటిలో ఏదైనా రాసి, ఆ పుస్తకం పేరు తీసేసి ఇంకో పుస్తకం పేరు పెట్టి చూడండి. అప్పుడు కూడా సరిపోతే ఆ వాక్యం కొట్టేయొచ్చు. తిట్టుకూ అదే రూలు: "చెత్త", "పైత్యం", "చదవడం టైం వేస్ట్" ఏ పుస్తకానికైనా అతుకుతాయి.

మరి ఏం రాయాలి? ఏది మీ మీద పనిచేసిందో, ఎక్కడ పనిచేసిందో. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం, అందుకే ఒక ఉదాహరణ పూర్తిగా రాసి చూపిస్తాను. పాలమూరు నుంచి ముంబైకి వలస పోయిన కుటుంబం మీద ఒక నవల ఉందనుకోండి, ఇది నేను అల్లిన ఉదాహరణే. దానికి మామూలుగా వచ్చే రివ్యూ ఇలా ఉంటుంది: "వలస బతుకుల వెతలను కళ్ళకు కట్టినట్టు చూపించిన అద్భుత నవల. ప్రతి తెలుగువాడి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం. రచయితకు వందనాలు." ఇప్పుడు అదే మనిషి ఇంకో పావుగంట కూర్చుని రాస్తే:

"పాలమూరు పల్లె నుంచి ముంబైకి కూలికి పోయిన ఒక కుటుంబం మూడు తరాల కథ. 260 పేజీలు, వెల 275 రూపాయలు. సంభాషణలే కాదు, కథనం కూడా పాలమూరు మాటలోనే నడుస్తుంది. అలవాటు లేనివాళ్ళకు మొదటి ఇరవై పేజీలు మెల్లగా సాగుతాయి, తర్వాత ఇబ్బంది ఉండదు. నాకు బాగా పట్టింది పని గురించి రాసిన తీరు. సెంట్రింగ్ కొట్టడం, స్లాబు పోసే రోజు హడావిడి, వారం కూలి పంచేటప్పుడు మేస్త్రీకీ కూలీలకూ మధ్య నడిచే లెక్కలు, ఇవన్నీ ఆ పక్కనే నిలబడి చూసినట్టు ఉన్నాయి. రెండో తరం ఆడవాళ్ళు మాత్రం నాకు అందలేదు. కోడలు ఊరికి వెళ్ళిపోదామని తేల్చుకునే చోట కారణం ఏమిటో వెనక్కి వెళ్ళి చదివినా దొరకలేదు, అక్కడి నుంచి చివరి 40 పేజీలు తొందరగా చుట్టేసినట్టు అనిపించింది. మలుపుల కోసం చదివేవాళ్ళకు నప్పదు. వలస మీద, కట్టుబడి పని మీద ఆసక్తి ఉన్నవాళ్ళు వెతుక్కుని చదవొచ్చు. కొనుక్కుని చదివాను, రచయితతో పరిచయం లేదు."

ఇందులో పెద్ద పాండిత్యం ఏమీ లేదు. "అద్భుతం" అనే మాట కూడా లేదు. కానీ చదివినవాళ్ళకు ఆ పుస్తకం తమదో కాదో తెలిసిపోతుంది. గమనించండి, "ఆడ పాత్రలు బలహీనం" అని తీర్పు చెప్పలేదు, ఎక్కడ తెగిందో చూపించి "నాకు అందలేదు" అన్నారు. ఇంకో పాఠకురాలు అదే చోటు చదివి, కారణం అక్కడే ఉంది కదా అని చెప్పొచ్చు, అప్పుడు అసలైన మాటా మంతీ మొదలవుతుంది. నచ్చినదీ నచ్చనిదీ రెండూ సమానంగా ఉండాలన్న లెక్క కూడా ఏమీ లేదు. నచ్చనిదే ఎక్కువుంటే అదే ఎక్కువ రాయండి, కానీ చోటు చూపించి రాయండి.

పుస్తకంలోంచి రెండు వాక్యాలు ఎత్తి రాస్తే వంద విశేషణాల పని చేస్తాయి, శైలి ఎలా ఉందో అవే చెబుతాయి. విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయమైన మేరకు ఎత్తి రాసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. కవిత్వంతో మాత్రం జాగ్రత్త. ఎనిమిది పాదాల కవిత మొత్తం పెట్టేస్తే మీరు ఒక రచనను పూర్తిగా పెట్టేసినట్టే. అయిదారు పేజీల ఫొటోలు తీసి పెట్టడం అంతకన్నా తప్పు. ఇక "పీడీఎఫ్ ఉందా అన్నా?" అని కింద అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళకు పుస్తకం దొరికే చోటు చెప్పండి చాలు.

భాష అర్థం కాలేదు అనే ముందు

ఇది తెలుగు రివ్యూల్లో ప్రత్యేకంగా కనిపించే జబ్బు. చిత్తూరు మాటలోనో, ఉత్తరాంధ్ర మాటలోనో, తెలంగాణ మాటలోనో రాసిన పుస్తకం చదివి "భాష సరిగా లేదు", "శుద్ధమైన తెలుగులో రాసి ఉంటే బాగుండేది" అని రెండు స్టార్లు కోసేస్తారు. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో ఏళ్ళ తరబడి కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ మాట ఎక్కువగా కనబడి, అదే అసలు తెలుగు అన్నట్టు మనలో చాలామందికి అలవాటైంది. ఆ అలవాటు మీది, లోపం పుస్తకానిది కాదు. మీకు కష్టమైతే "ఈ యాస నాకు కొత్త, చాలా చోట్ల ఆగాల్సి వచ్చింది, చివర పదాల అర్థాలు ఇచ్చి ఉంటే బాగుండేది" అని రాయండి. ఇందులో ఫిర్యాదు ఉంది, సూచన ఉంది, ఎవరి మాటనూ చిన్నచేయడం లేదు.

యాస తప్పుగా రాస్తే చెప్పొద్దా? చెప్పాలి. ఆ ప్రాంతం మీదైతే మీకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు లేరు. "మా సిద్దిపేట వైపు ఈ మాట ఇలా అనరు" అనే ఒక్క వాక్యం పది వ్యాసాల పెట్టు. ఆ వైపు పుట్టనివాళ్ళు మాత్రం కొంచెం తగ్గి మాట్లాడటం మంచిది.

అచ్చుతప్పులు వేరే లెక్క. డీటీపీవాళ్ళు వాడే 'అను' అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసినదాన్ని, ఫోన్లలో నెట్‌లో కనిపించే యూనికోడ్ పద్ధతిలోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోవడం, అక్షరాలు తారుమారు కావడం మామూలే. ఎన్ని ఉన్నాయి, చదువుకు అడ్డం వచ్చాయా లేదా అనేది చెప్పండి. అయితే ఆ తప్పు రచయిత మీద వేయకుండా ప్రచురణ మీద వేయండి. బైండింగ్ ఊడిపోవడం, అక్షరాలు మరీ చిన్నవి కావడం, పేజీలు తిరగబడటం కూడా అంతే. పెద్ద వయసు పాఠకులకు అక్షరాల సైజు నిజంగానే ముఖ్యమైన సమాచారం, వదిలేయొద్దు. కొరియర్ లేటు, పార్సిల్ తడవడం మాత్రం రివ్యూలో రావలసిన సంగతులే కావు. అమ్మినవాళ్ళ మీద ఫిర్యాదు రాయడానికి ఆ షాపింగ్ సైట్లలో వేరే చోటు ఉంటుంది. పోస్టల్ శాఖ ఆలస్యానికి కవికి ఒక్క స్టారు ఇవ్వడం ఏం న్యాయం?

స్టార్ల గోల

స్టార్లు ఇచ్చే ముందు ఆ సైట్లో వాటికి ఏమర్థమో చూడండి. గుడ్‌రీడ్స్‌లో రెండు స్టార్లంటే ఫరవాలేదని, మూడంటే నచ్చిందని, నాలుగు బాగా నచ్చిందని, అయిదు అద్భుతమని. షాపింగ్ సైట్లలో మాత్రం జనం మూడు స్టార్లను "ఏదో లోపం ఉంది" అని చదువుతారు, మిక్సీలకూ చెప్పులకూ అలవాటైన కన్ను మరి. అందుకని నచ్చిన పుస్తకానికి మూడు ఇచ్చి ఊరుకుంటే రెండు చోట్ల రెండు రకాలుగా అర్థమవుతుంది. మూడు ఎందుకో ఒక వాక్యం రాసేయండి. అమెజాన్‌లో కనిపించే మొత్తం రేటింగు కూడా మామూలు సగటు కాదు. రివ్యూ ఎంత కొత్తది, కొన్నవాళ్ళు రాసిందేనా లాంటివి లెక్కలోకి తీసుకుని వాళ్ళ సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. కాబట్టి "సగటు తగ్గించాలి", "సగటు లేపాలి" అని అయిదో ఒకటో కొట్టడం వల్ల ఒరిగేది తక్కువ. చదివినవాళ్ళకు గుర్తుండేది మీరు రాసిన మాటలే.

రచయిత తెలిసినవాడైతే

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తెలుగు పుస్తకాల లోకం చిన్నది. రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ వేసేవాళ్ళూ ఒకే వాట్సాప్ గ్రూపుల్లో ఉంటారు, ఆవిష్కరణ సభలో ఒకే వరసలో కూర్చుంటారు. పెళ్ళిలో చేయి కడుక్కుంటున్నప్పుడు పెళ్ళికూతురి తండ్రి వచ్చి "భోజనం బాగుందా అండీ" అని అడిగితే ఉప్పు ఎక్కువైందని ఎవరం చెప్పం కదా, పుస్తకాల దగ్గరా అదే చేస్తున్నాం. నెట్‌లో "గొప్ప పుస్తకం", తర్వాత ఫోన్‌లో "ఏముంది దాంట్లో" అని అరగంట. రచయితకు నిజం తెలియదు, నెట్‌లో మాట నమ్మి కొన్నవాళ్ళు రెండోసారి మన మాట నమ్మరు. మనకు ఇప్పుడు జరుగుతున్న నష్టం కఠినమైన రివ్యూల వల్ల కాదు, ఈ మొహమాటం రివ్యూల వల్లే అని నా గట్టి నమ్మకం.

సంతకం చేసిన కాపీ ఇంటికొస్తుంది. పది రోజులకు మెసేజ్: "చదివారా అండీ?" ఇంకో వారానికి: "వీలుంటే నాలుగు మాటలు రాయండి." ఏం చేయాలి? పత్రికలకు సమీక్ష కోసం రెండు ప్రతులు పంపడం ఎప్పటి నుంచో ఉన్న ఆచారమే, ఉచితంగా పుస్తకం తీసుకోవడంలో తప్పు లేదు. దాచడమే తప్పు. "రచయిత పంపిన కాపీ", "రచయిత నాకు స్నేహితురాలు", "ఈ పుస్తకానికి ప్రూఫులు నేనే చూశాను", ఏదైతే అది మొదట్లోనే ఒక వాక్యం. డబ్బులో, ఉచిత వస్తువులో తీసుకుని ఒక సరుకును మెచ్చుకునేవాళ్ళు ఆ సంగతి బయటపెట్టాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. అదే ఏడాది నవంబర్‌లో ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అనే భారతీయ ప్రమాణం కూడా వచ్చింది, డబ్బిచ్చి రాయించిన రివ్యూలు వేయకూడదని అందులో ఉంది. అమెజాన్ అయితే కుటుంబ సభ్యులు, దగ్గరి స్నేహితులు రివ్యూ రాయడాన్నే ఒప్పుకోదు. మా బావగారి పుస్తకానికి ఇంటిల్లిపాదీ అయిదేసి స్టార్లు కొట్టేశాం అని సంబరపడేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి, ఎప్పుడో ఒకప్పుడు అవన్నీ ఎగిరిపోతాయి.

స్నేహితుడి పుస్తకం నచ్చకపోతే మూడు దారులున్నాయి. రాయకుండా ఉండటం. అతనికే విడిగా, పేజీ నంబర్లతో చెప్పడం. లేదా స్నేహం సంగతి ముందే చెప్పి, నచ్చినదీ నచ్చనిదీ బహిరంగంగా రాయడం. మూడోది అన్నిటికంటే కష్టం, ఒకటి రెండు స్నేహాలు చల్లబడొచ్చు కూడా. నాలుగో దారి, అంటే నచ్చకపోయినా అయిదు స్టార్లు, అది మాత్రం వద్దు. "చదివి చెబుతాను, నచ్చితే రాస్తాను" అని కాపీ తీసుకునేటప్పుడే అనేస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది.

పుస్తకమా, మనిషా

రివ్యూలో రచయిత ఇంటిపేరు చూసి కులం లెక్కగట్టడం, ఏ పార్టీవాడో, ఫేస్‌బుక్‌లో ఎవరితో గొడవపడ్డాడో ఎత్తడం మన దగ్గర ఎక్కువే. పుస్తకం తెరవకుండానే రాసిన రివ్యూలు ఇలాగే ఉంటాయి. పుస్తకంలో ఏముందో దాన్ని పట్టుకోండి. ఒక కులాన్నో ఒక ప్రాంతాన్నో ఆడవాళ్ళనో పుస్తకం చిన్నచూపు చూసిందనిపిస్తే అది రాయాల్సిందే, మొహమాటపడొద్దు, కానీ ఏ సంభాషణలో, ఏ సన్నివేశంలో, అది పాత్ర నోటి మాటా లేక రచయిత మాటా అన్నది విడదీసి చూపించాలి. దుర్మార్గుడి నోట దుర్మార్గమైన మాట వస్తే అది రచయిత అభిప్రాయం కాదు.

ఈ గీత ఎక్కడ గీయాలో 1860 నాటి ఇండియన్ పీనల్ కోడే చక్కగా చెప్పింది. పరువు నష్టం మీద 499వ సెక్షన్లో ఆరో మినహాయింపు ఉంది: జనం తీర్పుకు తనంతట తాను పెట్టిన రచన మీద, ఆ రచనలో కనబడినంత మేరకు రాసిన మనిషి గుణం మీద, సదుద్దేశంతో అభిప్రాయం చెప్పడం నేరం కాదు. పుస్తకం అచ్చువేయడమంటే జనం తీర్పుకు పెట్టడమే. కింద ఉదాహరణలు కూడా ఇచ్చారు. "ఈ పుస్తకం తెలివితక్కువగా ఉంది, రాసినవాడు బలహీనుడై ఉండాలి" అంటే, సదుద్దేశంతో అన్నంతవరకు, ఫరవాలేదు, ఎందుకంటే ఆ మాట పుస్తకంలోంచి పుట్టింది. "అతను బలహీనుడు, తిరుగుబోతు, కాబట్టి పుస్తకం ఇలా ఉండటంలో ఆశ్చర్యం లేదు" అంటే మినహాయింపు వర్తించదు, ఎందుకంటే ఆ తీర్పు పుస్తకం మీద ఆధారపడలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే 356వ సెక్షన్ అయింది. కోర్టుల భయంతో రాయమని దీన్ని చెప్పడం లేదు. ఏ మాట ఎక్కడి నుంచి పుట్టిందో చూసుకోమన్న ఆ తేడా ఇంతకంటే తేటగా నేను చెప్పలేను.

"వేరే పుస్తకం నుంచి కొట్టేశాడు" అనేది మామూలు అభిప్రాయం కాదు, ఆరోపణ. రెండు పుస్తకాలూ ముందు పెట్టుకుని, రెండిట్లోని వాక్యాలూ పక్కపక్కన చూపించగలిగితేనే రాయండి.

మీ వాదం ఏమిటో కూడా ఒక ముక్క చెప్పేయడం మేలు. విప్లవ రచనలు మీకు పడకపోతే, ఆధ్యాత్మికం అంటే దూరం జరిగే మనిషైతే, ఆ సంగతి తెలిసినప్పుడు మీ తీర్పులో ఎంత తీసుకోవాలో పాఠకులే తేల్చుకుంటారు.

పెట్టే ముందు, పెట్టాక

రాసినది వెంటనే పెట్టకుండా ఒక రాత్రి ఆగండి, ముఖ్యంగా కోపంగా ఉంటే. పొద్దున్నే చదివితే సగం విశేషణాలు మీకే ఎబ్బెట్టుగా కనబడతాయి. పాత్రల పేర్లు, పేజీలు, వెల ఒకసారి పుస్తకంతో సరిచూసుకోండి. పాత్ర పేరు తప్పు రాస్తే, చదవకుండా రాశాడని రచయిత తరఫువాళ్ళు పట్టుకుంటారు, మిగతాదంతా గాలికి పోతుంది. చాట్‌బాట్‌తో రాయించేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. పెద్దగా పేరు పడని తెలుగు పుస్తకమైతే అది లేని పాత్రల్ని, జరగని సంఘటనల్ని ధీమాగా అల్లేస్తుంది. చదివింది మీరు, రాయాల్సిందీ మీరే.

పుస్తకం పేరు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాయండి, వెతికేవాళ్ళు రెండు రకాలుగానూ వెతుకుతారు. గుడ్‌రీడ్స్‌లో ఒకే పుస్తకానికి రెండు లిపుల్లో రెండు మూడు పేజీలు ఉండొచ్చు, ఎక్కువ మంది ఉన్న పేజీ చూసి పెట్టండి. అక్కడ పెట్టిందే షాపు పేజీలోనూ క్లుప్తంగా పెడితే ఇంకా మంచిది, కొనేవాళ్ళు ఉండేది అక్కడే. కాస్త పెద్దగా రాశారంటే పుస్తకం.నెట్ లాంటి, పుస్తకాల కోసమే నడుస్తున్న తెలుగు సైట్లకు పంపొచ్చు. ఎంత పొడవు అంటే, షాపు పేజీకి నూరు నూటయాభై మాటలు చాలు, ఫోన్‌లో అంతకు మించి కిందికి ఎవరూ జరపరు.

రచయిత వచ్చి వాదిస్తే, మీరు చెప్పిన వివరం తప్పని చూపిస్తే దిద్దుకోండి, థాంక్స్ చెప్పండి. "మీకు అర్థం కాలేదు" అంటే మాత్రం "కావచ్చు, నాకు ఇలా అనిపించింది" అని ఒకసారి చెప్పి వదిలేయండి, రెండో జవాబుకు వెళ్ళారంటే సాయంత్రం పోతుంది. ఆయన అభిమానులు వస్తే ఆ ఒక్క జవాబు కూడా అక్కర్లేదు. ఇక రెండో ముద్రణలో అచ్చుతప్పులు దిద్దారనో, మీరు అడిగిన పదాల పట్టిక చేర్చారనో తెలిస్తే, పాత రివ్యూ చెరపకుండా దాని కిందే తేదీ వేసి ఒక లైను చేర్చండి, స్టార్లు మారిస్తే ఎందుకు మార్చారో కూడా అక్కడే రాయండి.